ఫ్రెంచి కెనడా ఇంటిపేర్లు: మూలాలు వెతికేవారి ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం కెనడాలోని క్యూబెక్, అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారివి. అల్లుడి పక్షం, కోడలి పక్షం పెద్దల పేర్లు కూడా మనవల కోసం రాసిపెట్టాలన్న కోరిక అన్నిటిలోనూ కనిపించింది. ఇంచుమించు అందరూ ఆగిపోయింది ఇంటిపేరు దగ్గరే.

ప్రశ్న: మా అల్లుడి ఇంటిపేరు గ్రీన్‌వుడ్. పుట్టింది మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో. అతని ముత్తాత బట్టల మిల్లులో పనికోసం క్యూబెక్ నుంచి వచ్చాడని ఇంట్లో చెబుతారు. క్యూబెక్ నమోదుల్లో ఆ ముత్తాత పేరుతో గ్రీన్‌వుడ్ ఎవరూ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: క్యూబెక్‌ను కాసేపు పక్కన పెట్టి లోవెల్‌లోనే వెతకండి. 1840కీ 1930కీ మధ్య సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు అమెరికాకు తరలిపోయారు. లోవెల్, మాంచెస్టర్, వూన్‌సాకెట్, ఫాల్ రివర్, లూయిస్టన్ లాంటి మిల్లు ఊళ్లలో వాళ్ల పేటలే వెలిశాయి. మిల్లు గుమాస్తా, జనాభా లెక్కలు రాసేవాడు, బడి పంతులు ఎవరికి తోచినట్టు వాళ్లు పేర్లు రాశారు. కొన్ని పేర్లు అర్థాన్నిబట్టి ఇంగ్లీషులోకి మారాయి. బువావేర్ గ్రీన్‌వుడ్ అయింది, లెబ్లాన్ వైట్ అయింది, రువా కింగ్, లెవెక్ బిషప్, బూలాంజే బేకర్ అయ్యాయి. కూర్ట్‌మాన్ష్‌లు షార్ట్‌స్లీవ్స్ అయ్యారు. మరికొన్ని చెవిన పడ్డట్టు రాసుకున్నవి: బెనువా బెన్‌వేగా, ఆర్షాంబో షాంబోగా మారాయి. మీ గ్రీన్‌వుడ్ బువావేర్ అయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ అది అంచనా మాత్రమే. దాన్ని నమ్ముకుని క్యూబెక్ బువావేర్లలో ఎవరో ఒకరిని తెచ్చి మీ వంశవృక్షానికి తగిలించారంటే, అక్కడి నుంచి పైకి రాసేదంతా వేరేవాళ్ల వంశం అవుతుంది.

ముందు ముత్తాత పెళ్లి పత్రం, మరణ పత్రం తీయించండి. మసాచుసెట్స్‌లో 1841 నుంచి రాష్ట్ర నమోదు ఉంది. పెళ్లి నమోదులో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు రాశారు. ముత్తాత తల్లి పుట్టింటి పేరు దొరికితే దాన్ని భద్రంగా రాసిపెట్టుకోండి. తండ్రి పేరు ఒక్కటే అయితే ఆ పేరుగలవాళ్లు ఇరవైమంది తేలతారు, తల్లిదండ్రుల పేర్లు జంటగా ఉంటే ఒకరో ఇద్దరో మిగులుతారు. తర్వాత 1900 నాటి అమెరికా జనాభా లెక్కలు చూస్తే ఆయన ఏ ఏడాది వచ్చాడో తెలుస్తుంది. 1895 తర్వాత సరిహద్దు దాటినవారైతే సెయింట్ ఆల్బన్స్ జాబితాల్లో వెతకాలి. సెయింట్ ఆల్బన్స్ వెర్మాంట్‌లోని ఊరు, అయినా ఆ జాబితాలు కెనడా సరిహద్దు పొడుగునా దాటినవారివి. 1906కు ముందరి పౌరసత్వ పత్రాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, చాలావాటిలో పుట్టిన దేశం తప్ప ఊరు ఉండదు.

వీటన్నిటికన్నా పనికొచ్చేది ఫ్రెంచివారి పారిష్ చర్చి రిజిస్టరు. పారిష్ అంటే ఒక పాదిరి కింద ఉండే చర్చి పరిధి. నగర కార్యాలయంలో గ్రీన్‌వుడ్‌గా నమోదైన పెళ్లికొడుకు చర్చి పుస్తకంలో బువావేర్‌గా కనిపించవచ్చు, ఎందుకంటే అక్కడ రాసినవాడు ఫ్రెంచి పాదిరి. ఇలాంటి పారిష్‌ల పెళ్లి, ఖనన సూచికలను రోడ్ ఐలండ్‌లోని వూన్‌సాకెట్ కేంద్రంగా ఉన్న అమెరికన్-ఫ్రెంచ్ జీనియలాజికల్ సొసైటీ పెద్దసంఖ్యలో అచ్చువేసింది.

బువావేర్ అని తేలాక కూడా మరో మలుపు ఉండొచ్చు. పాత క్యూబెక్ నమోదుల్లో బువావేర్లు కొందరు ‘దెనెవేర్ డీ బువావేర్’గా కనిపిస్తారు. ఆ ‘డీ’ సంగతి కింది జవాబులో చదవండి.

ప్రశ్న: మా కోడలి పూర్వీకుల్లో ఒకాయన జ్ఞానస్నానం (బాప్తిస్మం) నమోదులో ఉడోన్, పెళ్లిలో ఉడోన్ డీ బోలియూ, ఖననంలో బోలియూ. వీళ్లు ముగ్గురా, ఒక్కరేనా?

జవాబు: భార్య పేరు, తల్లిదండ్రుల పేర్లు సరిపోతే ఒక్కరే. ‘డీ’ అంటే ‘అనబడే’ అని. డి-ఐ-టి అని రాస్తారు, చివరి అక్షరం పలకరు. స్త్రీల విషయంలో చివర ఇ చేరుతుంది. ఉడోన్ అనే ఇంటిపేరుగల మనిషిని బోలియూ అని కూడా పిలిచేవారన్నమాట. ఉడోన్ డీ బోలియూ, రువా డీ డెజార్డాన్, మివిల్ డీ డెషేన్ లాంటివి క్యూబెక్‌లో పేరున్న జంటలు.

ఈ రెండో పేర్లు రకరకాలుగా వచ్చాయి. అందరికీ తెలిసినవి సిపాయిల పేర్లు. 1665లో కారిన్యాన్-సాలియేర్ దళం సుమారు 1,200 మంది సిపాయిలతో క్యూబెక్‌లో దిగింది. వారిలో 400 మంది దాకా అక్కడే భూములు తీసుకుని స్థిరపడ్డారు. సైన్యంలో పిలుపుకోసం పెట్టుకున్న లఫ్లర్, లతులిప్, జోలికర్, లదూసర్, సాన్‌సూసీ వంటి పేర్లు వారి పిల్లలకూ సాగాయి. కొన్ని పేర్లు ఫ్రాన్సులోని సొంత ప్రాంతాన్ని చెబుతాయి: ఆంజూ నుంచి వచ్చినవాడు లాంజ్‌వాన్, పువాతూ నుంచి వచ్చినవాడు పొత్వాన్, పికార్డీవాడు పికార్. ఇంకొన్ని వాళ్లకు దఖలుపడిన భూమి పేర్లు. ఒక ఊళ్లో ఒకే పేరుతో నాలుగు కుటుంబాలు ఉన్నప్పుడు విడిగా గుర్తుపట్టడానికి పుట్టినవీ ఉన్నాయి.

వెతికేవారిని తికమకపెట్టేది అన్నదమ్ముల తీరు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లలో ఒకడు మొదటి పేరు, ఇంకొకడు రెండో పేరు ఉంచుకుంటాడు, మూడోవాడు సరికొత్త పేరుతో తేలతాడు. బాటిస్కాన్ ప్రాంతపు రివార్‌లను చూడండి. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల సంతానం లవీన్, లొరాంజే, లనూవెట్, లకూర్సియేర్, బెల్‌ఫోయ్, ఫోయ్‌వేర్ట్ అనే పేర్లతో చీలిపోయింది. ఈనాటి లనూవెట్‌కూ లొరాంజేకూ పేరులో ఏ పోలికా లేదు, మూలం మాత్రం ఒకే ఇల్లు.

19వ శతాబ్దంలో, ముఖ్యంగా దాని రెండో సగంలో, చాలా కుటుంబాలు రెండిట్లో ఒక పేరు మీద నిలబడ్డాయి. ఏది నిలిచిందన్నది ఆ ఇంటి ఇష్టం, అందులో నియమం ఏదీ కనిపించదు. అందుకని ఏ సూచికలో వెతికినా మూడుసార్లు వెతకాలి: మొదటి పేరుతో ఒకసారి, రెండో పేరుతో ఒకసారి, రెండూ కలిపి ఒకసారి. జంటపేర్ల పట్టిక కావాలంటే సిప్రియాన్ టాంగే అనే పాదిరి 1871–1890 మధ్య 7 సంపుటాలుగా తెచ్చిన వంశావళి నిఘంటువులో చివరి సంపుటం తిరగేయండి. మీ వృక్షంలో రాసేటప్పుడు కుటుంబానికంతటికీ ఒకే రూపం వాడుకోవచ్చు గానీ, ప్రతి నమోదు పక్కన పాదిరి రాసిన రూపాన్ని మార్చకుండా ఎత్తి రాయండి. అన్నిటినీ ఒకే పేరుకు ‘సరిదిద్ది’ పెట్టుకున్న వృక్షాల్లో తర్వాత తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: ఒకే ఇంటిపేరు ఉంటే బంధువులే అనుకోవచ్చా?

జవాబు: ట్రాంబ్లే అయితే అనుకోవచ్చు. క్యూబెక్‌లో ఎక్కువమందికి ఉన్న ఈ ఇంటిపేరు పియేర్ ట్రాంబ్లే, ఒజాన్ ఆషోన్ అనే ఒక్క జంట నుంచి వ్యాపించింది. వారి పెళ్లి క్యూబెక్ పట్టణంలో 1657 అక్టోబరు 2న జరిగింది. రువా అయితే అనుకోకూడదు, ఆ పేరుతో ఒకరికొకరు సంబంధంలేని వలసదారులు చాలామంది వచ్చారు. ఫ్రెంచిలా వినిపించే పేరు ఫ్రాన్సు నుంచే వచ్చి ఉండాలని కూడా లేదు. ఫనఫ్‌ల మూలపురుషుడు మసాచుసెట్స్‌లోని గ్రోటన్‌లో 1704లో బందీగా పట్టుబడి మాంట్రియల్ చేరిన మథయస్ ఫార్న్స్‌వర్త్ అనే ఇంగ్లీషు కుర్రవాడు.

ప్రశ్న: ఆడవాళ్ల పేర్ల దగ్గర నా పని ఆగిపోయింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే పుట్టింటిని ఎలా పట్టుకోవాలి?

జవాబు: మీరు చూస్తున్నవి ఇంగ్లీషు పత్రాలై ఉండాలి. ఫ్రెంచి కెనడా కథోలిక నమోదుల్లో స్త్రీ పుట్టింటి పేరుతోనే ఉంటుంది. పెళ్లిలో అదే పేరు, పిల్లల జ్ఞానస్నానాల్లో తల్లిగా అదే పేరు, ఖననంలో ‘ఫలానావారి భార్య’ అనో ‘ఫలానావారి వితంతువు’ అనో జోడించినా ముందుండేది పుట్టింటి పేరే. నోటరీ దస్తావేజుల్లోనూ అంతే. తల్లివైపు వంశాన్ని ఇంత దూరం పట్టుకుపోగలిగే దేశాలు అరుదు. 1663–1673 మధ్య ఫ్రాన్సు రాజు ఖర్చుతో పంపిన, ‘రాజుగారి ఆడపిల్లలు’గా పేరుపడ్డ సుమారు 770 మంది స్త్రీల దాకా చాలా కుటుంబాలు నేరుగా చేరగలుగుతున్నాయంటే ఈ ఆచారమే కారణం.

నిత్యవ్యవహారంలో మాత్రం 19, 20 శతాబ్దాల్లో భర్త పేరు వాడుకలోకి వచ్చింది. వార్తాపత్రికల్లో మరణవార్తలకు, అమెరికా పత్రాలకు అది అంటుకుంది. క్యూబెక్‌లో 1981 ఏప్రిల్ నుంచి చట్టమే దీన్ని తేల్చేసింది: పెళ్లయినా భార్యాభర్తలు ఎవరి పేరుతో వారే ఉంటారు, ఆ పేరుతోనే తమ హక్కులు వినియోగించుకుంటారు. మీ కోడలి పాస్‌పోర్టులో ఇంటిపేరు మారలేదని ఇంట్లో ఎవరైనా బాధపడితే, అది ఆమె పట్టుదల కాదనీ అక్కడి చట్టమేననీ చెప్పండి. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు, తల్లి పేరు, లేదా రెండూ కలిపి పెట్టొచ్చు. అయితే రెండు భాగాలు మించకూడదు.

ప్రశ్న: ఒక తరం నుంచి పై తరానికి ఎక్కే పద్ధతి క్రమంగా చెప్పండి. పుట్టిన తేదీలతో మొదలుపెట్టాలా?

జవాబు: పెళ్లిళ్లతో మొదలుపెట్టండి. జ్ఞానస్నానం నమోదు పిల్లవాడి తల్లిదండ్రులను చూపి ఆగిపోతుంది. పెళ్లి నమోదైతే పెళ్లికొడుకు తల్లిదండ్రులు, పెళ్లికూతురి తల్లిదండ్రులు కలిపి నలుగురి పేర్లు ఒకేచోట ఇస్తుంది. ఆ నలుగురిలో మీకు కావలసిన జంట పెళ్లిని వెతికితే మళ్లీ నాలుగు పేర్లు. ఇలా ఒక్కో పెళ్లీ ఒక్కో మెట్టు. ఈనాటి వ్యక్తి నుంచి 17వ శతాబ్దపు వలసదారు దాకా సాధారణంగా పది పన్నెండు మెట్లుంటాయి. తేదీలు, వృత్తులు, పిల్లల పేర్లు తర్వాత నింపుకోవచ్చు.

పెళ్లి మామూలుగా పెళ్లికూతురి పారిష్‌లో జరిగేది. పెళ్లికొడుకు ఊళ్లో దొరకకపోతే చుట్టుపక్కల ఆమె ఊరు ఏదో చూడండి. ఈస్టరుకు ముందరి తపస్కాలంలో, క్రిస్మస్‌కు ముందరి ఆగమన కాలంలో పెళ్లిళ్లు చేసేవారు కాదు. కాబట్టి జనవరి, ఫిబ్రవరి, నవంబరు పేజీలు ముందు తిప్పితే త్వరగా తగులుతుంది.

ఒక పెళ్లి నమోదు ఎలా సాగుతుందో మాదిరి చూడండి: “మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఏ అభ్యంతరమూ రానందున, ఈ పారిష్ సేద్యగాడు, కీర్తిశేషుడు ఫలానాకూ ఫలానామెకూ పుట్టిన మేజరు కొడుకు ఫలానా ఒకవైపు, పక్క పారిష్‌కు చెందిన, కీర్తిశేషుడు ఫలానా వితంతువు ఫలానామె మరోవైపు, వారి పరస్పర అంగీకారం తీసుకుని, ఫలానా ఫలానా సాక్షుల ఎదుట...” ఇందులో ప్రతి మాటా పనికొస్తుంది. ‘కీర్తిశేషుడు’ అన్నచోట ఫ్రెంచిలో ఎఫ్-ఇ-యు అనే చిన్న మాట ఉంటుంది. అది కనబడితే ఆ తండ్రి ఖననం ఈ తేదీకి ముందే వెతకాలి. కనబడనంత మాత్రాన బతికే ఉన్నాడనుకోకూడదు, పాదిరి రాయడం మరిచిన సందర్భాలున్నాయి. ‘మేజరు’ అంటే ఫ్రెంచి పాలనలో 25 ఏళ్లు నిండినవాడు, 1782 నుంచి 21 నిండినవాడు. వయసు లెక్క వేసేటప్పుడు ఈ తేడా మరిస్తే నాలుగేళ్లు పక్కకు పోతాం.

ఇక వితంతువు. చాలామంది మెట్టు జారేది ఇక్కడే. రెండో పెళ్లి చేసుకునేవారికి సాధారణంగా తల్లిదండ్రుల పేర్లు రాయరు, చనిపోయిన భర్త లేక భార్య పేరు మాత్రమే రాస్తారు. పై మాదిరిలో పెళ్లికూతురి అమ్మానాన్నలెవరో తెలియాలంటే ఆ కీర్తిశేషుడితో జరిగిన మొదటి పెళ్లికి వెళ్లాలి. అందులోనూ వితంతువు అనే ఉంటే ఇంకా వెనక్కి.

తేదీల్లో ఒక ఉచ్చు ఉంది. 7 అంకె వేసి పక్కన బి-ఆర్-ఇ అని రాస్తే అది జులై కాదు, సెప్టెంబరు. 8తో రాస్తే అక్టోబరు, 9తో రాస్తే నవంబరు, ఎక్స్ అక్షరంతో రాస్తే డిసెంబరు. ఇప్పటికీ ఎన్నో వృక్షాల్లో పిల్లలు రెండు నెలలు ముందే పుట్టేస్తున్నారు.

ప్రశ్న: ఈ రిజిస్టర్లు ఎక్కడ చూడాలి? డబ్బు కట్టకుండా ఎంతవరకు కుదురుతుంది?

జవాబు: చాలా దూరం కుదురుతుంది. క్యూబెక్ పట్టణపు కథోలిక నమోదులు 1621 నుంచి ఉన్నాయి. అక్కడి చర్చి 1640లో తగలబడి పుస్తకం పోతే జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్లీ రాశారు. 1679 నుంచి ప్రతి పారిష్ రెండు ప్రతులు రాసేది, ఒకటి చర్చికి, ఒకటి న్యాయస్థానానికి. ఫామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైటులో ఉచిత ఖాతా తెరిస్తే 1621–1979 కథోలిక రిజిస్టర్ల బొమ్మలు చూడొచ్చు. న్యాయస్థానపు ప్రతులను మాంట్రియల్‌లోని ద్రువాన్ సంస్థ 1940లలో మైక్రోఫిల్ము తీసింది. ఇవి ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోనూ ఆన్‌సెస్ట్రీ అనే వెబ్‌సైటులోనూ చందా కడితే దొరుకుతాయి. ఒక ప్రతిలో సిరా పాకిపోయి ఉంటే రెండో ప్రతి తీయండి. రెండూ చేత్తో ఎత్తిరాసినవే కాబట్టి వాటిమధ్య కూడా తేడాలుంటాయి.

మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో మొదలైన చారిత్రక జనాభా పరిశోధన పథకం, అంటే పీఆర్‌డీహెచ్, తొలి కాలపు జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలను కుటుంబాల వారీగా కలిపి పెట్టింది. రుసుము కట్టాలి గానీ 1800కు ముందరి తరాలకు ఇంత నమ్మదగినది మరొకటి లేదు. పుస్తకాల్లో రెనే జెతే 1983లో తెచ్చిన నిఘంటువు 1730 దాకా కుటుంబాలను ఇస్తుంది. టాంగే ఉచితంగా దొరుకుతుంది, అందుకే అందరూ దాన్నే పట్టుకుంటారు. మార్గదర్శినిగా చాలా మంచిది, రుజువుగా మాత్రం చాలదు. ఆయన పనిచేసిన కాలంలో ఈనాటి సూచికలేవీ లేవు, ఒకే పేరుగల ఇద్దరు కలిసిపోయిన చోట్లున్నాయి. వలసదారు ఫ్రాన్సులో ఏ ఊరివాడో తెలియాలంటే ఫిషియే ఒరిజీన్ అనే ఉచిత జాబితా చూడండి. అక్కడి రిజిస్టర్లలో వలసదారుల మూలాలను వెతికి పట్టుకున్న వివరాలు అందులో ఉంటాయి.

ఇంకొకరు పెట్టిన వృక్షాన్ని నకలు చేయడం తేలికే. కానీ మూల నమోదు బొమ్మ చూడని మెట్టును మెట్టుగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: మావాళ్ల వృక్షంలో మగపిల్లలందరూ జోసెఫ్, ఆడపిల్లలందరూ మరీ. నిజంగా ఇలాగే పిలిచేవారా?

జవాబు: పిలవరు. ముఖ్యంగా 19వ శతాబ్దంలో అబ్బాయికి ముందు జోసెఫ్, అమ్మాయికి ముందు మరీ అని భక్తితో చేర్చేవారు. తర్వాత తరచు జ్ఞానతండ్రిదో జ్ఞానతల్లిదో, అంటే జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడినవారి పేరు వచ్చేది. చివరిదే సాధారణంగా పిలుపుపేరు. జోసెఫ్ లూయీ ఆల్‌ఫ్రెడ్‌ను ఇంట్లో ఆల్‌ఫ్రెడ్ అంటారు, జనాభా లెక్కల్లోనూ పెళ్లిలోనూ ఆల్‌ఫ్రెడ్ అనే ఉంటుంది. సూచికలో మొదటి పేరు ఒక్కదానితో వెతికితే దొరకడు. అప్పుడు మొదటి పేరు వదిలేసి తల్లిదండ్రుల ఇద్దరి పేర్లతో వెతకండి.

పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం మామూలు. కాబట్టి జ్ఞానస్నానం దొరకగానే అతనే మన మనిషి అనుకోకుండా, ఆ పేరుతో తర్వాతి కొన్నేళ్ల ఖననాలు కూడా ఒకసారి చూడాలి.

ప్రశ్న: ఒక పెళ్లి నమోదులో ‘మూడు నుంచి నాలుగో అంతరానికి మినహాయింపు’ అని ఉంది. ఏమిటిది?

జవాబు: వధూవరులు దగ్గరి బంధువులని చర్చి గుర్తించి, అయినా పెళ్లికి అనుమతించిందని అర్థం. మీ చేతికి చిక్కిన అదృష్టం అది, వదలకండి. లెక్క ఇలా వేస్తారు: ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుల జంట తాతా అవ్వలైతే రెండో అంతరం, ముత్తాతల జంటైతే మూడోది, తాతకు తాతల జంటైతే నాలుగోది. ‘మూడు నుంచి నాలుగు’ అంటే ఆ జంట ఒకరికి మూడు తరాలు పైన, ఇంకొకరికి నాలుగు తరాలు పైన ఉన్నారన్నమాట. 1917 నాటి చర్చి చట్ట సంహిత వచ్చేదాకా నాలుగో అంతరం వరకు మినహాయింపు తప్పనిసరి.

దీనితో మీ పనిని సరిచూసుకోవచ్చు. ఇరువైపులా వృక్షం కట్టాక సరిగ్గా ఆ తరాల దగ్గర రెండు కొమ్మలూ ఒకే జంటలో కలవాలి. కలవకపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పు వేశారు. రక్తసంబంధమా, మొదటి భార్య లేక భర్త తరఫు చుట్టరికమా అన్నది కూడా నమోదులో ఉంటుంది, ఆ మాట జాగ్రత్తగా చదవండి. రెండోదైతే, ఉదాహరణకు పెళ్లికొడుకు భార్య పోయినవాడైతే, కలవాల్సింది ఆ మొదటి భార్య కొమ్మా ఈమె కొమ్మా గానీ పెళ్లికొడుకు కొమ్మ కాదు.

ప్రశ్న: మా అల్లుడి ఇంటిపేరు ముందు ‘ద’ ఉంది. జమీందారీ కుటుంబమేమో?

జవాబు: ఆ ఒక్క అక్షరంతో ఏమీ తేలదు. ఊరిపేరు నుంచో భూమిపేరు నుంచో వచ్చిన మామూలు రైతు కుటుంబాలకూ అది ఉంది. కులీనత హోదా ఉన్నవారికి నోటరీ పత్రాల్లో ‘ఎక్యుయే’ అనే బిరుదు పేరు వెంట వస్తుంది, దానికోసం చూడండి. భూస్వామ్య హక్కు కొనుక్కున్న వ్యాపారులు కూడా ఉన్నారు కాబట్టి భూస్వామి అన్నంత మాత్రాన కులీనుడు కాదు.

ప్రశ్న: తాతల కాలంలో ఆగిపోయాను. 1760 ప్రాంతపు ఒక పెళ్లి ఏ రిజిస్టరులోనూ లేదు. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు పేరు రాతను అనుమానించండి. ఫ్రెంచిలో చివరి అక్షరాలు పలకరు, మొదటి హెచ్ కూడా పలకరు. ‘ఓ’ అనే ఒక్క ధ్వనిని ఓ, ఓ-టి, ఇ-ఎ-యు, ఎ-యు-డి, ఎ-యు-ఎల్-టి అని ఐదారు రకాలుగా రాశారు. పెళ్లికొడుక్కి సంతకం రాదు, పాదిరి విన్నది రాసుకున్నాడు. చివరి రెండు మూడు అక్షరాల బదులు నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. డీ పేరుతో వెతకండి. ఇంటిపేర్లు రెండూ వదిలేసి, పెద్ద పిల్లవాడి జ్ఞానస్నానం జరిగిన పారిష్‌లో దానికి ముందరి మూడేళ్ల పుస్తకాన్ని పేజీ పేజీగా తిప్పండి. సూచికలో దొరకనివి చాలావరకు ఇలా దొరుకుతాయి.

అప్పటికీ లేకపోతే నోటరీ దగ్గరికి వెళ్లాలి. ఫ్రెంచి కెనడాలో పెళ్లికి కొన్ని రోజుల ముందో వారాల ముందో నోటరీ ఎదుట వివాహ ఒప్పందం రాసుకోవడం బాగా వాడుకలో ఉండేది. పారిష్ పుస్తకం పోయినా ఒప్పందం మిగిలి ఉండొచ్చు. పైగా అందులో ఇరువైపుల తల్లిదండ్రులే కాక బాబాయిలు, మేనమామలు, అన్నలు ఏ వరసో చెబుతూ సాక్షులుగా ఉంటారు. ఒక్క ఒప్పందంతో నాలుగైదు కుటుంబాల చుట్టరికం తేలిన సందర్భాలు తక్కువేం కాదు. ఈ దస్తావేజులు క్యూబెక్ జాతీయ గ్రంథాలయ, ప్రాచీన పత్రాగారంలో, అంటే బీఏఎన్‌క్యూలో ఉన్నాయి, పెద్దభాగం ఉచితంగా తెరమీద చూడొచ్చు. ఆ ప్రాంతంలో ఆ ఏళ్లలో పనిచేసిన నోటరీలెవరో ముందు జాబితా రాసుకోండి. ఒక్కొక్కరికీ తేదీలవారీ పట్టిక ఉంటుంది. పట్టికలో పేరు, తేదీ, దస్తావేజు నంబరు దొరికితే అసలు పత్రానికి వెళ్లండి. 17, 18 శతాబ్దాలకైతే పార్షమాన్ అనే సూచిక ఈ శ్రమంతా తగ్గిస్తుంది.

ఒక హెచ్చరిక. ఒప్పందం రాసుకుని రద్దు చేసుకున్న జంటలూ ఉన్నాయి. ఒప్పందం ఉంది కాబట్టి పెళ్లి జరిగిందని రాయకండి. ఆ జంటకు పుట్టిన బిడ్డ నమోదు ఒక్కటైనా దొరికాకే మెట్టు ఎక్కండి.

మీది 1760 ప్రాంతం అంటున్నారు గనుక ఇంకో సందేహం తీర్చుకోవాలి: ఆ కుటుంబం అకాడియాది, అంటే ఇప్పటి నోవా స్కోషియా ప్రాంతంలో ఉండిన పాత ఫ్రెంచి వలసది కాదు కదా? 1755లో ఇంగ్లీషువారు అకాడియన్లను ఊళ్లనుంచి తరిమేశారు. చెల్లాచెదురైన ఏళ్లలో వాళ్ల పెళ్లిళ్లు పాదిరి లేకుండా జరిగాయి, క్యూబెక్ చేరాక పాదిరి ఎదుట మళ్లీ నిర్ధారణ చేయించుకున్నారు. అలాంటి నమోదు పిల్లలు పుట్టాక కనిపిస్తుంది, కాబట్టి తేదీని తర్వాతికి జరిపి వెతకండి. పోర్ట్ రాయల్ రిజిస్టర్లు 1702 నుంచి మిగిలి ఉన్నాయి, వాటిని నోవా స్కోషియా పత్రాగారం ఉచితంగా చూపిస్తోంది. గ్రాన్ ప్రే పుస్తకాలు (1707–1748) వెళ్లినవారి వెంటే లూసియానాకు చేరి, ఇప్పుడు బాటన్ రూజ్ మేత్రాసనంలో (బిషప్ పరిధిలో) ఉన్నాయి. పుస్తకం కావాలంటే స్టీఫెన్ వైట్ 1999లో తెచ్చిన అకాడియా కుటుంబాల నిఘంటువు ఉంది, దాని రెండు సంపుటాలు 1714 వరకు వస్తాయి.

ప్రశ్న: డీఎన్ఏ పరీక్షలో మా కోడలికి వేలమంది ‘నాలుగో వరస దాయాదులు’ చూపిస్తోంది. నమ్మాలా?

జవాబు: బంధుత్వాన్ని నమ్మండి, వరసను నమ్మకండి. ఫ్రెంచి కెనడా జనాభా 17వ శతాబ్దపు కొద్ది వేలమంది నుంచి పెరిగింది. 1666లో ఫ్రెంచి అధికారి ఝాన్ తలోన్ జరిపించిన లెక్కలో తేలింది 3,215 మందే. ఏ ఇద్దరిని తీసుకున్నా వాళ్లకు ఉమ్మడి జంటలు ఒకటి కాదు, పదులకొద్దీ ఉంటాయి. ఒక్కో దారిలో వచ్చిన చిన్న చిన్న డీఎన్ఏ తునకలు కూడి మొత్తం పెద్దగా కనిపించేసరికి, పరీక్ష వాళ్లను అసలుకన్నా దగ్గరివాళ్లుగా లెక్కగడుతుంది. మొత్తం సెంటీమోర్గాన్లు (కలిసిన డీఎన్ఏ తునకల కొలత) ఎన్నని కాకుండా అన్నిటికన్నా పొడవైన తునక ఎంతో చూడండి. తునకలన్నీ చిన్నవైతే అది పలు దారుల దూరపు చుట్టరికం. ఒక ఉమ్మడి జంట దొరకగానే ఆ పోలికకు అదే కారణమని రాసేయకుండా, ఇద్దరి వృక్షాలూ అన్ని కొమ్మల్లోనూ ఆరేడు తరాలు నింపి చూడాలి.

డీ పేర్ల చిక్కుకు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి దిగే వై-డీఎన్ఏ చక్కగా పనిచేస్తుంది. ఇంటిపేర్లు వేరైన ఇద్దరు మగవాళ్లు, ఒకే రివార్ సంతానమని అనుకుంటున్నవాళ్లు, పరీక్ష చేయించుకుంటే కొద్దిపాటి తేడాలతోనే కలవాలి. కోడలి వంశానికైతే ఆమె తండ్రో, అన్నదమ్ముల్లో ఒకరో, తండ్రివైపు పెదనాన్నో నమూనా ఇవ్వాలి. 37 గుర్తుల (డీఎన్ఏలో పోల్చి చూసే చోట్ల) పరీక్షతో మొదలుపెట్టి, కలిస్తేనే 111కు వెళితే డబ్బు ఆదా అవుతుంది.